కొండకూ ఒక లెడ్జరు

హోసూరు పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కృష్ణగిరి దారి కొత్తేమీ కాదు. శూలగిరి కొండ కనబడగానే పిల్లలు కారు అద్దాలకు ముక్కులానిస్తారు. పెద్దవాళ్ళకేమో ఆనకట్ట దగ్గర చేపల వేపుడు గుర్తుకొస్తుంది. ఆ రాళ్ళ వయసెంతో ఎప్పుడైనా ఆలోచించామా? సుమారు 250 కోట్ల ఏళ్ళు! కృష్ణగిరి నుంచి ధర్మపురి వైపు వెళ్ళేకొద్దీ, ఒకప్పుడు భూమిలో మరింత లోతున ఉడికిన రాళ్ళు బయటపడతాయి. చారల నైస్ రాయి పోయి, జిడ్డు మెరుపున్న నల్లని చార్నొకైట్ వస్తుంది. కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధి రాతిని పరీక్షించి 1893లో థామస్ హాలండ్ పెట్టిన పేరది.

భూగర్భశాస్త్రం చదువుతున్న మా మేనల్లుడు ఈమధ్య ఒక రాతిగుట్టను కంప్యూటరులో చూపించాడు. "మామయ్యా, చుట్టూ తిప్పి చూడండి" అంటూ మౌసు చేతికిచ్చాడు. వెనక్కి, పైకి, పగుళ్ళ దాకా వెళ్ళవచ్చు!

పద్ధతి ఇదీ. గుట్ట చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో పడ్డ భాగం పక్క ఫొటోలోనూ పడేటట్టు వందల ఫొటోలు తీస్తారు. రెంటిలోనూ ఉన్న గుర్తులను పోల్చి కంప్యూటరు లక్షల చుక్కలు లెక్కగడుతుంది. వాటిని చిన్న త్రిభుజాలుగా కలిపి, పైన ఫొటోల రంగులు అద్దుతుంది. కొలత తెలిసిన కర్ర ఒకటి పక్కన ఉంచితే పొడవులు సరిగ్గా తేలతాయి.

ఇక అసలు పని. నార్వేలోని బెర్గెన్‌లో తయారైన 'లైమ్' వంటి సాఫ్ట్‌వేరులో ఆ బొమ్మ మీదే గీతలు గీయవచ్చు, పేర్లు రాయవచ్చు. ఒక పగులు ముఖం మీద, ఒకే వరుసలో లేని మూడు చోట్ల గుర్తుపెడితే, అది ఏ దిక్కుకు ఎన్ని డిగ్రీలు వాలిందో తెలుస్తుంది. లెడ్జరులో పద్దు పక్కన వివరం రాసినట్టే. ఎక్కడో దూరాన ఉన్న మరొకరు ఆడిటరులా సరిచూడవచ్చు.

ఇదంతా ఎందుకంటారా? ఈ జిల్లా గ్రానైటుకు పేరుపడింది. 'పారడైసో' పేరుతో విదేశాలకు వెళ్ళే రాయి ఇక్కడిదే. క్వారీలు ఎందరికో కూడు పెడుతున్నాయి, కాదనలేం. అయితే కొండ ఫిక్సెడ్ డిపాజిట్టు కాదు, గడువు తీరాక తిరిగి రావడానికి. కోసిన రాతిగోడ లోపలి చారలను చక్కగా చూపిస్తుంది. మరికొన్నాళ్ళకు ఆ గోడే ఉండదు. అది పోకముందే కొలిచి, రాసి, భద్రపరచాలి. మల్లచంద్రం గుట్ట మీది ప్రాచీన రాతి సమాధులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఈసారి అటు వెళ్ళినప్పుడు క్వారీ అంచులకు పోకుండా, దారి పక్కనున్న ఒక్క బండను చుట్టూ ఫొటోలు తీయమని పిల్లలకు చెప్పండి. ఊరు, తేదీ, ఉత్తర దిక్కు తప్పక రాయించండి. వివరం లేని పద్దు ఎవరికీ అక్కరకు రాదు.