కుంపటి జాగ

ఆర్టిస్టు పనిగదంటే ఎట్లుండాలో పుస్తకాల్లో చూసినం. పెద్ద కిటికీ, ఉత్తరపు వెలుతురు, తలుపుకు గడియ.

పాతబస్తీలో మాకున్నది ఒకటే గది. ఫజర్‌కు జానిమాజ్ పరిచిన చోటనే పొద్దెక్కినాక బొగ్గుల కుంపటి వస్తది. లక్కను సెగకు మెత్తబరిచి, సాగదీసి, గాజుగా వంచుతం. వేడి ఆరకముందే అమ్మీ ఒక్కొక్క రాయీ పొదగాలె. మధ్యాహ్నం కుంపటి జరిపి అక్కడనే దస్తర్‌ఖాన్. పొగ మాత్రం జరగదు.

2024లో హైదరాబాద్ లక్కగాజులకు జీఐ గుర్తింపొచ్చింది. సంతోషమే. అఖ్బారులో రాసే మాకు వార్త మీద పేరు పడ్తది. అమ్మీ చేసిన గాజేమో లాడ్‌బజార్‌లో సేఠ్ బోర్డు కింద అమ్ముడుపోతది. బొమ్మ గీసినాయన ఆర్టిస్టట, మేం కారీగర్లమట!

కిరాయి పెరిగినప్పుడల్లా ఇంకా చిన్న ఇంటికి మారుతం. అక్కడ ముందుగాల పోయేది కుంపటి జాగనే. ఇప్పుడు అమ్మీ మెట్ల కింద కూసుంటున్నది.