డక్ ట్వేసీ గారి అపరాధ పరిశోధన

అపరాధ పరిశోధన కథలను వెక్కిరించడం ఏమంత కష్టం కాదు. వాటిని ఒళ్ళు మరచి చదివే పాఠకుణ్ణి, అతడి మనసు నొచ్చుకోకుండా వెక్కిరించడం మాత్రం అందరికీ చేతకాదు. 1946లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన 'ది గ్రేట్ పిగ్గీ బ్యాంక్ రాబరీ' అనే చిన్న కార్టూను చిత్రం ఆ పని చేసింది. దర్శకుడు బాబ్ క్లాంపెట్. నిడివి ఎనిమిది నిమిషాలకు మించదు.

డాఫీ అనే నల్లబాతు డిక్ ట్రేసీ బొమ్మల పుస్తకం కోసం టపాపెట్టె దగ్గర పడిగాపులు కాస్తుంది. (చెస్టర్ గూల్డ్ 1931లో సృష్టించిన డిటెక్టివ్ ఈ ట్రేసీ.) పుస్తకం చేతికందగానే ఊగిపోతూ చదివి, ఆ ఊపులో తన్ను తానే గుద్దుకుని స్పృహ తప్పుతుంది. ఇక కలలో అది బాతు కాదు, 'డక్ ట్వేసీ' గారు! ఊరంతా పందిబొమ్మ హుండీలు పోతున్నాయని ఫోన్లు వస్తుంటే వారికి చీమ కుట్టినట్టయినా ఉండదు. తమ హుండీ కూడా పోయిందని తెలిశాకే పరిశోధన మొదలు. దారిలో షెర్లక్ హోమ్స్ తగిలితే, ఈ వీధి నాది పొమ్మని కసురుతారు. అడుగుజాడలు ఎలుక కన్నంలోకి పోతే, బయటికి రమ్మని గర్జిస్తారు. కొండంత ఎలుక మనిషి బయటికొచ్చి నిలబడగానే, మళ్ళీ లోపలికి పొమ్మంటారు.

ఇక్కడ నేను నవ్వు ఆపుకోలేను. ఎందుకంటే ఆ బాతును నేనెరుగుదును. కొమ్మూరి సాంబశివరావు గారి నవలలను లెక్కల పుస్తకం చాటున చదివి, నేనే డిటెక్టివ్ యుగంధర్‌నని, తమ్ముడు నా అసిస్టెంటు రాజు అని తీర్మానించుకున్న రోజులున్నాయి. సాహిత్యం గురించి మాట్లాడే పెద్దల మధ్య ఆ పేర్లు ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. కాని చదవడమనే జ్వరం నాకు అంటుకున్నది అక్కడే. క్లాంపెట్‌కు కూడా ఆ జ్వరం తెలుసునని నా నమ్మకం. గూల్డ్ కథల్లో దుర్మార్గులకు ముఖాన్నిబట్టి పేర్లుంటాయి. ఈ చిత్రంలో ఆ పద్ధతి వెర్రితలలు వేసి, నియాన్ దీపపు గొట్టాలతో చేసిన దొంగ కూడా పుట్టుకొస్తాడు. ఇష్టం లేనివాడు ఇంత శ్రద్ధగా ఎగతాళి చేయడు.

మూసిన తలుపులోంచి బాతుగారు మరతుపాకి పేల్చి, తలుపు తీయగానే శవాలు ఒకదాని వెంట ఒకటి కూలే దృశ్యం మాత్రం నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. నవ్వు ఒక్క క్షణం ఆగుతుంది.

చివరికి హుండీ దొరుకుతుంది. ఆనందం పట్టలేక బాతుగారు దాన్ని ముద్దులతో ముంచెత్తుతారు. మెలకువ వస్తుంది. కౌగిలిలో ఉన్నది పొలంలోని నిజం పంది. బాతు పరుగు లంకించుకుంటుంది. పందికి మాత్రం ఆ బాతు తెగ నచ్చేసింది.