కర్నూలు నుండి నల్లసముద్ర తీరమునకు

రాయలసీమ యనగానే రాళ్లను, ఎండలను, కఱవును మాత్రమే తలచుకొనువారు మనలో బెక్కండ్రు గలరు. కడపనుండి కర్నూలు వఱకు ప్రయాణము చేసిన మాకు, వీనితోబాటు మఱియొక విషయమును సోదరీమణులకు దెలుపవలెనని తోచినది. ఈ మార్గము కొసనున్న కర్నూలునుండి ఒక యువతి రెండు పర్యాయములు దేశాంతరములకేగి, ప్రపంచ బధిర క్రీడలలో మన దేశమునకు పతకములు గొనివచ్చినది. ఆమె పేరు షేక్ జాఫ్రిన్. ఆమె యాట టెన్నిసు.

కడపనుండి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాలల మీదుగా కర్నూలునకు సుమారు 200 కిలోమీటర్లు. మేము తెల్లవాఱకమునుపే బయలుదేఱితిమి. తూర్పున నల్లమల కొండలు చాలదూరము మాతో గూడ నడచివచ్చుచున్నట్లే కానవచ్చినవి. అక్కడక్కడ కర్నూలు–కడప కాలువ కనబడినది. సుంకేసుల యొద్ద తుంగభద్ర నీటిని గైకొని కడప దాక దెచ్చు నీ కాలువను 1860–70 ప్రాంతమున ఒక యాంగ్ల కంపెనీ త్రవ్వించెను. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. కాలువ నీరు పాఱినచోట వరిచేలును, పసుపుతోటలును. అది దాటినతోడనే నల్లరేగడిలో ప్రత్తి, జొన్న, సెనగ. ఓర్వకల్లు సమీపించుకొలది చేలు తగ్గి బండలు పెచ్చుపెరిగినవి. ఆ బండల నడుమనే 2021లో కర్నూలు విమానాశ్రయము వెలసినది.

కర్నూలు పట్టణము తుంగభద్ర యొడ్డున, హంద్రి వచ్చి దానిలో గలియుచోట నున్నది. ఊరి నడిబొడ్డున కొండారెడ్డి బురుజు. 1953 అక్టోబరు 1వ తేది మొదలు మూడేండ్లకు పైగా ఈ యూరు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని. నాడు కట్టడములు చాలక డేరాలలో రాచకార్యములు నడపిరి. ఉన్నదానితోనే పని నెగ్గించుకొనుట కర్నూలునకు క్రొత్తగాదు. వేసవిలో ఇచ్చట ప్రొద్దెక్కిన పిదప ఆరుబయట నాడుట దుర్లభము. కావున ఆటలు నేర్చు పిల్లలు చీకటితో లేచి మైదానములకు వత్తురు. ఎండ ముదురునప్పటికి ఇండ్లు చేరుదురు.

బధిర క్రీడలనగా నేమో పలువురకు దెలియదు. 1924లో పారిస్ నగరమున ఇవి ప్రథమముగా జరిగినవి. అప్పుడు 9 దేశములనుండి 148 మంది రాగా, వారిలో స్త్రీ యొక్కతెయే! నాలుగేండ్లకొకమాఱు జరుగు నీ క్రీడలకు నేడు డెఫ్లింపిక్స్ అని పేరు. మంచిదగు చెవియందైనను 55 డెసిబెల్సునకు తక్కువ కాని వినికిడి లోపమున్నవారే ఇందు పాల్గొనదగుదురు. వినికిడి యంత్రములను ధరించువారు పోటీవేళ వానిని తీసివేయవలెను. పరుగుపందెములో తుపాకి మ్రోతకు బదులు దీపము వెలుగును. గెలిచినవారికి చప్పట్లు కొట్టుటకు మాఱుగా చేతులు పైకెత్తి వ్రేళ్లాడింతురు. క్రీడల పాలన సైతము బధిరుల చేతులలోనే యున్నది.

బధిరులు ఏ యూర జూచినను కొలదిమందియే. కాని వారందఱును గలసిన, సరిహద్దులు లేక లోకమంతట చెదరియున్న ఒక చిన్న జాతి యనదగును. ఆ జాతికి తన భాషలు గలవు, అవి చేతిభాషలు. 2011 జనాభా లెక్కలలో వినికిడి లోపము గలవారు మన దేశమున 50 లక్షలకు మించియుండిరి. అంతమందియున్నను, 2022 క్రీడలకు మన పక్షమున వెళ్లినవారు 65 మంది మాత్రమే. ఇంత పెద్ద దేశమునకు ఇది చిన్న జట్టేకదా!

టెన్నిసులో చెవి చేయు పని చూచువారికి తోచదు. బంతి ఎదుటివారి బ్యాటునకు తగిలిన ధ్వనిని బట్టియే అది ఎంత వేగముతో, ఎట్టి మెలికతో వచ్చునో ఆటగాండ్రు కొంత గ్రహింతురు. ఆ సాయము లేనివారు సర్వమును కన్నులతోడనే కనిపెట్టవలెను. ఇద్దఱు గూడి యాడునపుడు "నాది, నీది" యని కేకవేయుటకు వీలులేదు. ముందే సైగలతో నిర్ణయించుకొనవలెను. జాఫ్రిన్‌కు జోడీగా ఆడిన పృథ్వి శేఖర్ చెన్నపట్టణమువాడు. ఇంటిభాషలు వేఱైనను ఆటకు అది అడ్డుకాలేదు.

వీరిరువురును 2017 జూలైలో తుర్కీ దేశమున నల్లసముద్రపు టొడ్డుననున్న సామ్సున్ నగరమున మిశ్రమ జోడీ పోటీలో కాంస్య పతకమును గెలిచిరి. ఆ యేట మన జట్టునకు వచ్చిన పతకములు మొత్తము ఐదే. అందు స్వర్ణము ఒకటి, రజతము ఒకటి, కాంస్యములు మూడు. నల్లరేగడి నేలనుండి నల్లసముద్రము వఱకు పోయి గెలిచిన యా బిడ్డకును, తోడివారికిని ఢిల్లీ విమానాశ్రయమున ఎదురేగు అధికారియే లేడయ్యె. జట్టువారు నొచ్చుకొని విమానాశ్రయము విడువబోమని పట్టుపట్టిన సంగతి పత్రికలకెక్కినది. ఓడినవారికైన ఒకరు ఎదురు వత్తురు. గెలిచివచ్చిన పిల్లలు మమ్ము జూడుడని తామే సైగ చేయవలసివచ్చినది.

తరువాతి క్రీడలు కోవిడ్ కారణమున ఆలస్యమై 2022 మేలో బ్రెజిల్ దేశపు కషియాస్ దొ సుల్ నగరమున జరిగినవి. ఇటలీనుండి వలసవచ్చినవారు ద్రాక్షతోటలు పెంచిన కొండయూరు అది. మన కర్నూలు మాడిపోవు మే నెలలో అచ్చట శీతకాలము సమీపించును. ఆ చలిలో జాఫ్రిన్ రెండు కాంస్య పతకములు గెలిచినది. పృథ్వితో నొకటి, భవాని కేడియా యను యువతితో స్త్రీల జోడీలో నొకటి. ఈ పర్యాయము జట్టు 8 స్వర్ణములు, 1 రజతము, 7 కాంస్యములతో మరలినది. ప్రధానమంత్రి వారిని తన నివాసమునకు బిలిచి ఆదరించెను. పిల్లల పట్టుదల మునుపటిదే. ఈమాఱు చూచు కన్నులు అధికమైనవి.

సోదరీమణులారా, ఈ కన్నులు మన యిండ్లలో తెఱచుకొనుట మఱింత ముఖ్యము. పుట్టుచెవుడునకు కారణములు పలు గలవు. తరతరములుగా సాగు మేనరికములు అందొకటి. గర్భిణికి తగులు రుబెల్లా జ్వరము మఱియొకటి. పిలిచిన పలుకని బిడ్డను "పెంకితన"మనియు, "మాటలు ఆలస్యముగా వచ్చు"ననియు ఏండ్లు గడుపుట పాడిగాదు. పసికందు నిద్రించుచుండగనే వినికిడిని పరీక్షించు యంత్రములు నేడు గలవు. మొదటి యేడాదిలోనే లోపము కనుగొన్నచో చికిత్సయో, యంత్రమో, చేతిభాషయో ఏదో యొకటి బిడ్డకు వేళకందును.

మఱియొక మాట. వినికిడి లేని ఆడపిల్ల పుట్టెననిన, "దీనికి పెండ్లి యెట్లు?" అనునదే మనవారికి మొదటి చింత. ఆ చింతతోనే బిడ్డను గడప దాటనీయక, నలుగురిలో చూపింపక పెంచు నిండ్లు ఇంకను గలవు. అట్టి బిడ్డకు ఒక యాటయో, ఒక విద్యయో చేతికిచ్చిన ఏమగునో జాఫ్రిన్‌ను చూచి తెలిసికొనవచ్చును. చేతిభాషను బోధించుటకై 2015లో ఢిల్లీయందు ప్రభుత్వమొక సంస్థను స్థాపించినది. తల్లులు, అత్తలు, ఇరుగుపొరుగువారు ఆ భాషలో పది మాటలు నేర్చినను చాలును. "అన్నము తింటివా?", "ఆట ఎట్లాడితివి?" అని మన చేతులడుగ గలిగినచో, ఆ బిడ్డ తన యింట పరాయిదిగా నుండవలసిన పనియుండదు.