రోలులో మిగిలిన గుడ్డ: కొలత, విలువ, కొనుగోలు నిర్ణయం

హైదరాబాద్ ఫలక్‌నుమాలో ఇంటిపట్టున కుట్టుమిషన్ పెట్టుకొని బతికే కుటుంబానికి పెట్టుబడిలో చాలా భాగం పత్తర్‌గట్టీ, మదీనా దుకాణాల నుంచి తెచ్చి గోడవార నిలబెట్టిన గుడ్డ రూపంలోనే ఉంటుంది కనుక, రోలులో ఎంత మిగిలిందో తేల్చుకోవడమంటే చేతిలో ఎంత సొమ్ముందో తేల్చుకోవడమే. ఒకే విడతలో అద్దిన రంగు మరోసారి దొరకడం కష్టం కాబట్టి, రంజాన్ గిరాకీలో ఈ అంచనా తప్పితే ఒప్పుకున్న ఆర్డరు సగంలో ఆగిపోతుంది.

తాను, అంటే మడతలు పెట్టి కట్టిన గుడ్డ, లెక్కకు సులువు: ఒక మడత పొడవును కొలిచి, అంచున కనిపించే మడతల సంఖ్యతో గుణిస్తే చాలు. అయితే గజం 91.44 సెంటీమీటర్లే కనుక, 25 గజాల తాను 22.86 మీటర్లే అవుతుందని గుర్తుంచుకోవాలి.

గొట్టానికి చుట్టిన రోలు విషయంలో కన్ను మోసపోతుంది. చూపు చుట్ట మందాన్ని పట్టుకుంటుంది గాని, పొడవు ఆధారపడేది చుట్ట అడ్డుకోతలోని వైశాల్యం మీద. రోలు వ్యాసపు వర్గం నుంచి గొట్టం వ్యాసపు వర్గాన్ని తీసివేసి, 3.14తో గుణించి, గుడ్డ మందానికి నాలుగు రెట్లతో భాగిస్తే పొడవు వస్తుంది. మందం 0.4 మిల్లీమీటర్లు, గొట్టం వ్యాసం 4 సెంటీమీటర్లు, రోలు వ్యాసం 12 సెంటీమీటర్లు అయితే సుమారు 25 మీటర్లు ఉన్నట్టు. వాడకంతో వ్యాసం 8 సెంటీమీటర్లకు తగ్గినప్పుడు చుట్ట మందం సరిగ్గా సగమైనా, మిగిలేది 9.4 మీటర్లే. కుర్తాకు 2.5 మీటర్ల చొప్పున, సగం, అంటే 12.5 మీటర్లు, ఉందనుకునే కంటి అంచనా ఐదు కుర్తాలకు మాట ఇప్పిస్తే, అసలు గుడ్డ మూడింటికే సరిపోతుంది.

పలుచని గుడ్డ మందాన్ని ఒక పొరలో కొలవడం కష్టం కనుక, పది పొరలను కలిపి కొలిచి పదితో భాగించాలి. సరిచూసుకోవడానికి త్రాసు ఉంది: మీటరు ముక్క 180 గ్రాములు తూగి, గొట్టం బరువు పోగా రోలు 1,692 గ్రాములుంటే, పొడవు మళ్లీ 9.4 మీటర్లే. ఆ ముక్క అదే పన్నా, అంటే అదే వెడల్పు గుడ్డది కావాలి.

ఈ వ్యాసకర్త ఇంటి ఖాతాలో అమలైన పద్ధతి దీనిపైనే నిలిచింది. కొత్త రోలు కొనేముందు పాతవన్నీ కొలిచి, కొన్న ధర, ఇప్పుడు అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువదానికే విలువ కట్టడం మొదటి నియమం. ఒక కుర్తాకు చాలని ముక్కను నిల్వలో చూపక కట్‌పీస్ ధరకు వెంటనే అమ్మివేయడం రెండవది. కొలత పూర్తయ్యేదాకా బయానా తీసుకోకపోవడం మూడవది. మీటరు 150 రూపాయల గుడ్డలో 12.5 మీటర్లకూ 9.4 మీటర్లకూ మధ్య తేడా 465 రూపాయలు కనుక, ఇలాంటి నాలుగు రోళ్లను కంటితోనే లెక్కగట్టిన ఇల్లు లేని 1,860 రూపాయలను ఉన్నట్టు భావించి ఖర్చు పెడుతుంది.