ఇసుకబాట

పిల్లను ఆపవలెనా, బాటను బాగుచేయవలెనా యను ప్రశ్న ఆడపిల్లలు గల ప్రతి యింటను ఏదో యొకనాడు పుట్టక మానదు. మా యింట నది యొక సైకిలు మూలమున పుట్టినది. దానికి సమాధానము మాత్రము మా యూరికి వేలకొలది మైళ్ల దూరమున, ఇంగ్లండు దేశములోని యొక యిసుక యడవిలో నాకు దొరకినది. వినుటకు వింతగా నుండవచ్చును. సంగతి యంతయు చెప్పెదను. పిమ్మట మీరే విచారింపుడు.

మాది కర్నూలు జిల్లా పడమటి కొస, హొళగుంద ప్రాంతము. 1953 వరకు మా సీమ బళ్ళారి జిల్లాలోనిది. అందుచేత మా యిండ్లలో తెలుగును కన్నడమును కలిసియే వినబడును. నేల చాలవరకు నల్లరేగడి. వాన కురిసినచో కాలికి బంక, ఎండ కాచినచో అడుగడుగునకు నెఱ్ఱెలు. వంకలు దాటుచోట మాత్రము బండిచక్రము దిగబడునంత యిసుక. మా కాపురము ఊరికి 4 కిలోమీటర్ల దూరమున తోటలో. నడుమ నొక వంక కలదు. ఏడాదిలో చాల నెలలు దానిలో నీరుండదు; ఇసుక మాత్రము పండ్రెండు నెలలును ఉండును.

2017వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు "బడికొస్తా" యను పేర ప్రభుత్వ పాఠశాలలలో 9వ తరగతి చదువు బాలికలకు సైకిళ్ల నిచ్చు పథకమును ఆరంభించిరి. మరుసటి యేట మా మరిది కుమార్తెకు నొకటి వచ్చినది. పిల్ల దానిని కన్నుల కద్దుకొని త్రొక్కినది. ఒకనాడు వంకలోని యిసుకలో ముందుచక్రము దిగబడి, పుస్తకములతో సహా బోర్లపడినది. మణికట్టు బెణికినది. గట్టుమీద కూర్చున్న మగపిల్లలు నవ్విరి. దెబ్బ వారము దినములలో మానినది గాని ఆ నవ్వు మాత్రము మా యింటిలో మానలేదు.

2019లో పిల్ల 10వ తరగతి ముగించినది. పై చదువునకు ప్రతి యుదయము ఊరిలో బస్సు నందుకొనవలెను. మా అత్తగారు, "ఈడొచ్చిన పిల్లకు ఇంక సైకిలెందుకు? పడితే ఎవరికి చెప్పుకోవాల?" యనిరి. సైకిలు పశువుల కొట్టములో చేరినది. మరిది, "ఎవరైనా దిగబెట్టిన రోజు పోతుంది, లేని రోజు మానుకుంటుంది" అనెను. అట్టి చదువు ఎన్నాళ్లు సాగునో, తరువాత నేమగునో మనకు తెలియనిది కాదు. అప్పుడే సంబంధముల మాట యింటిలో మెల్లగా వినవచ్చుచుండెను.

ఆ వేసవిలోనే నా పెద్ద కుమార్తె పురిటికని నేను ఇంగ్లండు వెళ్ళితిని. వారి కాపురము కేంబ్రిడ్జి నగరమున. బిడ్డకు మూడవ నెల రాగా, ఒక ఆదివారము మా అల్లుడు మమ్ము థెట్ఫర్డు అడవికి కారులో తీసికొనిపోయెను. సుమారు గంట ప్రయాణము. అది 45,000 ఎకరములకు పైబడిన పైను వృక్షముల యడవి. చెట్లు వరుసలుగా, నిటారుగా నుండును. ఆకులు సూదులవలె సన్ననివి. మన కోస్తాలో సముద్రతీరపు ఇసుకయందు పెంచు సరుగుడు తోటలను చూచిన వారికి ఆ యడవి కొంత తెలిసినట్లే యుండును. కాని సరుగుడు వేఱు జాతి, పైను వేఱు జాతి. పైను మన హిమాలయములందలి దేవదారునకు చుట్టము. రాలిన సూదులు నేలపై పరుపువలె పేరుకొని యుండును. కాలితో కొంచెము తొలగించి చూచితిని. క్రింద నంతయు ఇసుక!

ఆ యిసుక కథను మా అల్లుడు చెప్పగా విని యాశ్చర్యపడితిని. పూర్వ మచ్చట అడవి లేదు. గొఱ్ఱెలు గడ్డిని మొదలంట మేయుటచేతను, మాంసమునకును చర్మమునకును వందల యేండ్లుగా పెంచిన కుందేళ్లు బొరియలు త్రవ్వుటచేతను నేల గుల్లయై, గాలికి ఇసుక లేచి నడువసాగినది. 17వ శతాబ్దమున నది శాంటన్ డౌన్‌హామ్ అను గ్రామముపై బడి యిండ్లను ముంచి, ప్రక్కనున్న చిన్న నదిని పూడ్చినది. ఆ గ్రామస్థుడైన థామస్ రైట్ తాను పడిన పాట్లను 1668లో లండనులోని రాయల్ సొసైటీ పత్రికకు వ్రాసి పంపెను. ముండ్లకంపతో దడి కట్టినాడట. ఇసుక దడి నెక్కగా దానిపై మఱియొక దడి కట్టినాడట. పిమ్మట బండ్లకొలది పెంటయు మంచి మన్నును తెచ్చి ఇసుకపై పఱచి, నేలను మరల తనదిగా జేసికొనినాడట.

మొదటి ప్రపంచయుద్ధమున ఆ దేశమునకు కలప చాల కొఱవడినది. గనులలో నిలుపు గుంజలకు సైతము కటకట యైనది. అందుచే 1919లో అటవీ కమిషను నేర్పఱచి, 1922 మొదలు ఆ యిసుకనేలలో పైను నాటింపసాగిరి. రెండవ యుద్ధకాలమున పురుషులు రణరంగమున కేగగా, 1942లో మహిళా కలపదళ మేర్పడినది. ఆ దళపు శిక్షణశిబిరములలో నొకటి అదే సఫోక్ సీమలోని కల్ఫర్డున నుండెను. దుకాణములలోను కచేరీలలోను పనిచేయుచుండిన యువతులు అచ్చట గొడ్డలి పట్టుట, రంపము కోయుట, మ్రానులు కొలుచుట నేర్చికొనిరి. మొదట వారినిజూచి నవ్విన వారు లేకపోలేదు. పని జరుగుటను చూచిన పిమ్మట నవ్వు తగ్గినది.

ఇప్పుడా యడవిలో కొండసైకిళ్లకు ప్రత్యేకముగా బాటలు తీర్చియున్నారు. కొండసైకి లనగా లావు చక్రములు, టైర్లపై గట్టి మొటిమలు, కుదుపును మ్రింగు స్ప్రింగులు, ఎత్తునకు తేలికగా త్రొక్కుటకు పలు గేర్లు గల బండి. 1970 ప్రాంతముల తరువాత అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కొందఱు యువకులు పాతబండ్లను మార్చి కొండబాటలపై దింపగా నిది పుట్టినది. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో దీని పందెము తొలిసారి చేర్పబడినప్పుడే స్త్రీలకును వేఱుగా పందెము పెట్టిరి. ఇటలీ వనిత పావొలా పెట్సో బంగారు పతకము గెలిచినది.

నన్ను మిక్కిలి యాకర్షించినది బండి కాదు, బాటల మొదట నాటిన గుంజలు. వానిపై రంగులు గుర్తు పెట్టియుందురు. పచ్చది సులువు, నీలము కొంత కష్టము, ఎఱుపు కష్టము, నలుపు మిక్కిలి కష్టము. ఆ దేశమంతటను ఈ గుర్తు లొక్కటేనట. ఎచ్చటను "స్త్రీలు రాగూడదు", "పిల్లలు రాగూడదు" అని లేదు. ముందేమున్నదో చెప్పి, శక్తి నెఱిగి రమ్మనుటయే. ఒక తల్లి పసిబిడ్డను వెనుక పీటలో కట్టుకొని పచ్చబాటను పోవుచుండెను. నెఱసిన జుట్టు గల యొక యామె ఒంటరిగా ఎఱ్ఱబాట పట్టెను. ఎవరి బాట వారిది.

చిన్ననాట ఆదోనిలో అద్దెసైకిలు త్రొక్కిన యలవాటు నాకు కలదు. చుడీదారు తొడిగికొని, అద్దెకొక బండిని తీసికొని వెడల్పాటి బాటపై నడపితిని. బాటంతయు సూదులు పఱచి గట్టిగా నుండెను గాని, ఒక మలుపున ఎండకు వదులైన యిసుక వచ్చినది. బండి తడబడినది. నా వెనుకనే వచ్చుచున్న కూతురు, "అమ్మా, హ్యాండిలును గట్టిగా పట్టకు, త్రొక్కుట మానకు, తిప్పకు" అని కేకవేసినది. దాటితిని. పిమ్మట నామె వివరించినది. ఇసుక రాకముందే తేలిక గేరునకు మార్చికొనవలెను. శరీరపు బరువును కొంచెము వెనుకకు నెట్టినచో ముందుచక్రము దిగబడదు. ఇసుక నడుమ బ్రేకు వేయరాదు. చక్రములలో గాలి కొంత తగ్గించినచో అవి వెడల్పుగా నాని, లోతునకు పోవు. గేర్లు లేని మన బండికి సైతము తక్కిన వన్నియు చెల్లును.

ఆ రాత్రి మా సీమయే నా తలపున మెదలినది. మాకును ఇసుక క్రొత్త కాదు. మాకు దక్షిణమున అనంతపురము జిల్లా బొమ్మనహాళ్ మండలములోని దర్గాహొన్నూరు వద్ద, హగరి యని మేము పిలుచు వేదవతీనది యిసుకను గాలి యెత్తి మేటలుగా పోయుచున్నది. పొలములు దాని క్రింద బడినవి. మాకును అడవిబాటలు లేకపోలేదు. మా మండలములోని దేవరగట్టు కొండచుట్టును ముండ్లచెట్ల యడవి. విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి యుత్సవమునకు వేలకొలది జనులు దివిటీలతో ఆ చీకటి బాటలనే నడుతురు. ఇసుకయున్నది, అడవియున్నది, నడక యున్నది. లేనిదల్లా బాట మొదట నిలిచి "ముందిది యున్నది, ఇట్లు దాటుము" అని చెప్పు గుంజ యొక్కటే.

జూలైలో నేనింటికి చేరునప్పటికి, కాలేజీలో చేరిన పిల్ల వారమునకు మూడు దినములైన పోవుట లేదు. మా అత్తగారితో వాదము పెట్టుకొనలేదు. "అత్తా, మీ భయము బాటంతటనా, కొన్ని చోట్లనా?" అని యడిగితిని. ఆమె కొంత సేపాలోచించి, "మూడు చోట్లే" యనిరి. వంకలోని యిసుక యొకటి. త్రాగువారు చేరు మలుపు రెండవది. చలికాలపు తెల్లవారుజాము చీకటి మూడవది. చూచితిరా! 4 కిలోమీటర్ల భయము మూడు చోట్లకు తగ్గినది. మిగిలినదంతయు పచ్చబాటయే.

ఆ మూడింటికిని ఉపాయములు వెదకితిమి. ప్రక్క తోటలవారికిని పత్తిబండ్లు ఆ వంకలో దిగబడుట బాధయే గనుక, నాలుగిండ్లవారు తలా యొక ట్రాక్టరు గరుసు తోలించిరి. ఆడవారము గంపలతో మోసి పఱచితిమి. మా అత్తగారు గట్టుపై కూర్చుండి, "అక్కడ ఇంకో గంప!" యని పని చెప్పిరి. త్రాగువారి మలుపును ఒంటరిగా దాటకుండ, ఇద్దఱు తోడిపిల్లలు మఱిచెట్టు కడ కలిసికొని మువ్వురును ఒక్కటిగా పోవునట్లు ఏర్పాటు చేసితిమి. చీకటికి సైకిలునకు దీపము బిగించితిమి. వదులైన యిసుకలో నడుపు తీరును పిల్లకు నేనే వంకలో చూపితిని. రెండుమార్లు పడినది. మూడవమారు దాటినది. ఈమారు గట్టుమీద నవ్వినది వాళ్ల అవ్వయే. అది వేఱు నవ్వు.

పిల్ల ఇంటరు ముగించి నర్సింగు చదివినది. ఆ సైకిలును ఇప్పుడు ప్రక్క తోటలోని పిల్ల త్రొక్కుచున్నది. వానాకాలము పోగానే వంకలో గరుసు కొట్టుకొనిపోవును. ఏటేట మరల పఱచవలసినదే. థామస్ రైట్ దడిపై దడి కట్టినట్లే యిదియును. ఇసుకను ఒక్కసారి గెలిచి కూర్చుండుట యెవరి తరమును కాదు.

సోదరీమణులారా, ఆడపిల్లకు బండి యిచ్చుట ఎవరైన చేయగలరు, ప్రభుత్వమువారును చేసిరి. ఆ బండి కొట్టములో చేరకుండ చూచుట మాత్రము ఇంటిలోని స్త్రీల చేతిలో నున్నది. "పోవద్దు" అనుట కొక్క మాట చాలును. "ఎక్కడ భయము?" అని యడుగుటకు కొంత యోపిక కావలెను. మీ యింటి పెద్దలు వద్దన్నప్పుడు ఆ వద్దనుటలో భయపు చోట్లెన్ని యున్నవో వ్రేళ్లపై లెక్కింపుడు. అవి సాధారణముగ మూడు నాలుగింటిని మించవు. ఒక్కొక్కదానికి తగిన గరుసును వెదకి పఱచుడు. బాట బాగైనచో పిల్లలు తామే పోవుదురు.