కంకర దారి

"అమ్మా, ఇక్కడ దీన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటారు" అంది మా అమ్మాయి, నా హెల్మెట్ పట్టీ బిగిస్తూ.

గ్రావెల్ అంటే కంకర. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. మన వైపు కంకర అనగానే తర్వాత వచ్చే మాట కొట్టడం. కంకర కొట్టే ఆడవాళ్ళని రోడ్డు పక్కన చూస్తూనే పెరిగాం. సరదాగా కంకర మీద షికారు చేసే మనుషుల్ని చూడటం మాత్రం నాకు అదే మొదటిసారి.

పోయిన మే నెల సంగతి ఇది. ఇంగ్లండుకి నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో మా అమ్మాయి నర్సుగా పనిచేస్తోంది. ఒకరోజు సెలవు దొరికితే పోర్ట్రెత్ రేవు నుంచి డెవోరాన్ దాకా సైకిళ్ళ మీద వెళ్దామంది. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా 11 మైళ్ళు. "భయపడకమ్మా, పెద్ద ఎత్తులేం ఉండవు. గుర్రాలు ఖనిజం లాగిన దారి ఇది" అని ధైర్యం చెప్పింది.

నేను సైకిల్ నేర్చుకున్నది 46వ ఏట, తిరుపతిలో, ఎవరూ లేవకముందు, తెల్లవారుజామున. నేను పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల్లో. మా ఇంట్లో ఎప్పుడూ ఒక సైకిల్ ఉండేది. ముందు తాతది, తర్వాత నాన్నది, ఆ తర్వాత అన్నది. అది ఏనాడూ నా వంతుకి రాలేదు, అవ్వ వంతుకి అసలే రాలేదు. తాత షిఫ్టుకి సైకిల్ మీద వెళ్తే, అదే గని దగ్గరికి అవ్వ నెత్తిన తట్టతో నడిచి వెళ్ళేది.

పోర్ట్రెత్ వదిలిన కాసేపటిదాకా అంతా పచ్చగానే ఉంది. గట్ల నిండా పసుప్పచ్చని ముళ్ళపూలు. ఈ దారి మొదటి భాగం 1809లో మొదలుపెట్టిన ట్రామ్ మార్గం. గుర్రాలు లాగే బళ్ళలో రాగి ఖనిజం రేవుకి చేరేది. అక్కడ ఓడలెక్కి, కరిగించడానికి వేల్స్‌లోని స్వాన్సీకి పోయేది. వచ్చేటప్పుడు అవే ఓడలు గని ఇంజన్లకి బొగ్గు తెచ్చేవి.

పోల్డైస్ లోయలోకి దిగేసరికి చెట్లు ఆగిపోయాయి. ఎర్రమట్టి, బూడిదరంగు దిబ్బలు, మధ్యలో తుప్పురంగు చారికలు. చక్రాల కింద కరకరమని రాళ్ళు. బ్రేకు పట్టుకుని ఆగిపోయాను. ఇంటినుంచి ఇన్ని వేల మైళ్ళు వచ్చి, తిరిగి మా ఊళ్ళోనే దిగినట్టనిపించింది.

గుట్ట మీద రాతితో కట్టిన ఇంజను గది, దాని మూలన పొగగొట్టం. కార్న్‌వాల్ బొమ్మ వేస్తే ఎవరైనా ముందు వేసేది దాన్నే. 2006లో ఈ గనుల నేలని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆవిరియంత్రానికి అంత గట్టి ఇల్లు కట్టారు కాబట్టి అది ఇవాళ్టికీ నిలబడి ఉంది. ఆ యంత్రం బయట, చాలాచోట్ల ఆరుబయటే, ఎండలోనో వానలోనో రాళ్ళు కొట్టినవాళ్ళున్నారు. వాళ్ళని బాల్ మెయిడెన్లు అనేవారు. కార్నిష్ భాషలో 'బాల్' అంటే గని.

ఇక్కడి ఆడవాళ్ళు గనిలోకి దిగలేదు. పైకొచ్చిన రాయి పని వాళ్ళది. పొడుగు పిడి సుత్తితో పెద్ద బండల్ని పగలగొట్టడం ఒక పని. పొట్టి సుత్తితో ఆ ముక్కల్లోంచి పనికిరాని రాయిని చెక్కేయడం ఇంకో పని. మిగిలినదాన్ని బల్లపరుపు ఇనప సుత్తితో నూరి పొడి చేయడం మరొకటి. పదేళ్ళ పిల్లలు కూడా చేరేవారు. ఎండకీ రాతిపెళ్ళలకీ ముఖం, మెడ కప్పేట్టు అట్టపెట్టి కుట్టిన తెల్లటోపీ పెట్టుకునేవారు. దాన్ని 'గుక్' అంటారట. మా అవ్వ అయితే పైట చెంగు ముఖానికి చుట్టుకునేది.

పిల్లల శ్రమ మీద 1842లో వెలువడిన కమిషన్ నివేదిక కోసం చార్లెస్ బార్హమ్ అనే డాక్టరు ఈ గనులన్నీ తిరిగి, ఆ అమ్మాయిలు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. లిన్ మేయర్స్ అనే ఆమె ఈ స్త్రీల చరిత్ర అంతా ఏరి, 2004లో పుస్తకం వేసింది. ఆ సంగతులు మా అమ్మాయి చెప్తుంటే సంతోషించాను. ఆ వెనకే అసూయ కూడా కలిగింది.

మా అవ్వ మాటలు ఎవరు రాసుకున్నారు? చిత్తూరు పల్లెనుంచి పెళ్ళయి వచ్చి, మేస్త్రీ కింద రాళ్ళు ఏరింది, కంకర కొట్టింది, తట్టలు మోసింది. మేస్త్రీ పుస్తకంలో తట్టకొక గీత ఉండేది తప్ప మనిషి పేరు ఉండేది కాదు. నాకు ఏడేళ్ళప్పుడు పెరట్లో రాయిని ఊరికే బాదుతుంటే సుత్తి లాక్కుని, "అట్టా కాదు మే. రాయికి నరం ఉంటాది. ఆడ చూసి కొట్టాల" అంది. ఒక్క దెబ్బకి రెండు చెక్కలు చేసి చూపించింది. యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అవ్వకి తెలిసినది చదువేనన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

కింద ఒక రాయి మెరుస్తుంటే వంగాను. "ముట్టుకోకమ్మా, ఈ మట్టిలో ఆర్సెనిక్ ఉంది" అని అరిచింది మా అమ్మాయి. ఈ లోయలోనే ఒకప్పుడు ఆర్సెనిక్ తీసేవారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా చిన్నప్పుడు సైనైడ్ గుట్టలే మాకు జారుడుబండలు. అట్టముక్క మీద కూర్చుని జారేవాళ్ళం. గాలి లేస్తే ఆ బూడిద అన్నం గిన్నెలో కూడా పడేది. అమ్మ మూత పెట్టేది. ముట్టుకోవద్దని మాకెవరూ చెప్పలేదు.

బిస్సో వైపు దారి ఇంకో పాత రైలుమార్గంలో కలుస్తుంది. 1820ల్లో దాన్ని వేయించింది జాన్ టేలర్ అనే గనుల వ్యాపారి. పేరు వినగానే ఉలిక్కిపడ్డాను. 1880ల నుంచి కోలారు గనుల్ని నడిపింది అతని పేరనే ఉన్న లండన్ సంస్థ, జాన్ టేలర్ అండ్ సన్స్. రాగి ధర పడిపోయి ఇక్కడ గనులు మూతబడ్డాక, కార్న్‌వాల్ మగవాళ్ళు ప్రపంచం నలుమూలలకీ పనికి పోయారు. వాళ్ళలో కొందరు కోలారుకీ వచ్చారు. అంటే ఈ రాయి కొట్టిన అమ్మాయిల మనవలో మునిమనవలో మా తాత పైన దొరలుగా ఉండి ఉండవచ్చు. ఆ వంశవృక్షంలో ఆ అమ్మాయీ మా అవ్వా ఒకరినొకరు ఎరగరు. ఇద్దరి చేతికీ ఉన్నది ఒకటే సుత్తి.

దారి పక్కన కార్నన్ ఏరు. దగ్గర్లోని వీల్ జేన్ గని మూసేసి పంపులు ఆపేశాక, 1992 జనవరిలో లోపలి ఆమ్లపు నీళ్ళు తన్నుకొచ్చి ఈ ఏరంతా, సముద్రపు పాయంతా నారింజరంగుకి తిరిగిందట. ఆ తర్వాత ఆ నీళ్ళని శుద్ధి చేసే ఏర్పాటు చేశారు. మా గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. గుట్టలు అలాగే ఉన్నాయి. 2024లో వాటిలోంచి మళ్ళీ బంగారం తీసే ప్రతిపాదనకి కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. గుట్టలో మిగిలిన బంగారానికి లెక్కలున్నాయి. ఆ గుట్ట పోసినవాళ్ళకే లేవు.

"ఎప్పటికైనా మన ఊళ్ళోనూ ఇలాంటి సైకిల్ దారి వేస్తారేమో అమ్మా" అంది మా అమ్మాయి.

వేస్తే నాకు సంతోషమా? తేల్చుకోలేకపోయాను. ఆ గుట్టల నీడన ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు. ముందు వాళ్ళ ఊపిరి సంగతి చూడాలి. తర్వాత దారి వేసినా సరే, మా ఊరి ఆడపిల్లలు దాని మీద సైకిల్ తొక్కితే ఇంకా సరే. షాఫ్టు దగ్గర బోర్డు పెడితే మాత్రం లోతు ఎన్ని అడుగులో రాసి ఊరుకోకూడదు.

"అవ్వ ఉంటే ఏమనేదంటావ్?"

"రాళ్ళమీద తొక్కేదానికి అద్దె కూడా కట్టినారా మే? అనేది" అన్నాను. ఇద్దరం ఏరు గట్టున నిలబడి నవ్వుకున్నాం.

డెవోరాన్ చేరేసరికి పోటు తీసి, పాయలో బురద తేలి ఉంది. సైకిల్ పక్కకి వాల్చి చూస్తే వెనక టైరు గాడిలో చిన్న రాయి ఇరుక్కుని ఉంది. జేబురుమాలు అడ్డం పెట్టుకుని తీశాను. బూడిదరంగు రాయి, మధ్యలో తెల్లటి చార. ఒక పక్క నున్నగా, తిన్నగా పగిలి ఉంది. నరం చూసి కొట్టినట్టే ఉంది. మంచుకి పగిలిందో, యంత్రం పగలగొట్టిందో, ఎవరి చెయ్యి పడిందో నాకు తెలిసే దారి లేదు.

ఇంటికి తీసుకెళ్ళాలనిపించింది. కానీ దాన్ని తిరిగి ఆ దారి మీదే పెట్టి, మెల్లగా పాదంతో అదిమాను.