మడిచిన కాగితం

మన టీవీ సీరియళ్ళలో తల్లికి భలే సదుపాయం ఉందండీ! కొడుక్కి అన్యాయం జరిగిందా, తిన్నగా కోర్టుకెళ్ళి రెండు పేజీల డైలాగు చెప్పేస్తుంది. జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకుంటారు. శుక్రవారానికల్లా దోషి జైల్లో ఉంటాడు.

ఇంగ్లండులో ఐటీవీ వాళ్ళు 2021లో ప్రసారం చేసిన 'స్టీఫెన్' అనే మూడు భాగాల నాటకంలో తల్లికి ఆ సదుపాయం లేదు. ఎందుకంటే అది నిజంగా జరిగిన కథ.

1993 ఏప్రిల్ 22 రాత్రి. ఆగ్నేయ లండన్‌లో ఎల్తామ్ అనే చోట, స్నేహితుడితో కలిసి బస్సు కోసం చూస్తున్న స్టీఫెన్ లారెన్స్‌ని తెల్లకుర్రాళ్ళ గుంపొకటి పొడిచి చంపింది. పద్ధెనిమిదేళ్ళవాడు. ఆర్కిటెక్టు కావాలనుకున్నాడు. అతను చేసిన నేరమల్లా నల్లగా పుట్టడమే. అమ్మా నాన్నా, డోరీన్, నెవిల్, జమైకాలో పుట్టి అక్కడ స్థిరపడ్డవాళ్ళు.

హంతకులుగా అనుమానించిన వాళ్ళ పేర్లు ఒకటి రెండు రోజుల్లోనే పోలీసుల చెవిన పడ్డాయి. అయినా రెండు వారాల దాకా అరెస్టుల్లేవు. తనకు తెలిసిన పేర్లు కాగితం మీద రాసి డోరీన్ ఒక పెద్ద అధికారి చేతికిస్తే, ఆయన దాన్ని ఆమె ఎదుటే చిన్నగా మడిచేశాడట! మనం పంపిన చీటీని కిరాణా కొట్టువాడైనా విప్పి చదువుతాడు కదా!

తల్లిదండ్రులు సొంతంగా వేసిన కేసు 1996లో వీగిపోయింది. 1999లో మాక్‌ఫర్సన్ విచారణ నివేదిక, లండన్ పోలీసు వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని తేల్చి చెప్పింది. నిర్దోషి అని వదిలేసినవాణ్ణి అదే నేరానికి మళ్ళీ విచారించకూడదన్న పాత నియమాన్ని కూడా, 2005 నుంచి, ఘోరమైన నేరాల విషయంలో సడలించారు. తర్వాత దాచి ఉంచిన బట్టలు మళ్ళీ పరీక్షిస్తే, ఒకడి కోటు కాలరు మీద సూదిమొనంత రక్తపు మరక దొరికింది. అది స్టీఫెన్‌ది. 2012 జనవరిలో శిక్ష పడింది. అదీ ఇద్దరికే.

నాటకం ఈ చివరి ఏళ్ళ కథే చెబుతుంది. అప్పటికే భార్యాభర్తలు విడిపోయారు. మన సీరియళ్ళలో కష్టం మనుషుల్ని కలుపుతుంది. అక్కడ ఆ దుఃఖం ఒకే కప్పు కింద ఇమడలేకపోయింది. ఇంకో విశేషం. తండ్రి వేషం వేసిన హ్యూ క్వార్షీయే 1999లో ఇదే కథ మీద వచ్చిన మరో నాటకంలోనూ తండ్రి. ఆ పాత్రకి వార్ధక్యం మేకప్పుతో తేనక్కర్లేకపోయింది, నటుడికే వచ్చేసింది.

లెక్క చూడండి. స్టీఫెన్ బతికింది పద్ధెనిమిదేళ్ళు. ఆ ఇద్దరికి శిక్ష పడటానికి పట్టింది ఇంకో పద్ధెనిమిదేళ్ళు దాటి. ఒక పిల్లవాణ్ణి కని, పెంచి, అంతవాణ్ణి చెయ్యడానికి పట్టినంత కాలమూ, ఎవరో మడిచేసిన కాగితాన్ని విప్పించడానికి ఆ తల్లి మళ్ళీ ఖర్చుపెట్టింది.